రెండు శబ్దాలు, ఏడు సీసాలు: విటమిన్ ‘ఎ’ మోతాదు మించిన ఒక టిన్నిటస్ కేసు

చెవిలో శబ్దంతో (టిన్నిటస్‌తో) వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒకే మాట అంటారు: “చెవిలో గుయ్‌మంటోంది డాక్టర్ గారూ.” ఈ కేసులో ఆ ఒక్క మాట కింద రెండు శబ్దాలు ఉన్నాయి. ఒకటి ఆమెకు ముందునుంచీ ఉన్నది. రెండోది, మొదటిదాన్ని తగ్గించుకుందామని ఆమె వాడిన విటమిన్ల నుంచి వచ్చింది. రెండో శబ్దం వేరని నేను పసిగట్టాను గానీ, దాని మూలం తెలియడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో ఆమె చూపు దెబ్బతిని ఉండొచ్చు. అందుకే నా వైపు జరిగిన ఆలస్యంతో సహా మొత్తం రాస్తున్నాను. రోగి అనుమతి ఇచ్చారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు ఇందులో లేవు.

మొదటి రాక

ఆమెకు 34 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని చేసే ఉద్యోగం. రెండు చెవుల్లోనూ సన్నగా, కీచుగా, ఆగకుండా వినిపించే శబ్దం ఏడాదికి పైగా ఉంది. పగలు పనిలో పడితే తెలియదు, రాత్రి పడుకోగానే అదే లోకం. తల తిరగడం, చెవి కారడం లేవు. చెవిపొర రెండు వైపులా బాగుంది. ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర మాత్రమే వినికిడి దిగింది: కుడి చెవిలో 35 డెసిబెళ్లు, ఎడమలో 40. పెద్ద శబ్దానికి ఏళ్ల తరబడి గురైన చెవుల్లో సరిగ్గా అక్కడే గుంట పడుతుంది. టిన్నిటస్ వల్ల రోజువారీ జీవితం ఎంత ఇబ్బంది పడుతోందో 100కి కొలిచే ప్రశ్నావళిలో ఆమెకు 46 వచ్చింది. మధ్యస్థం అన్నమాట.

నేను చెప్పాల్సినవి చెప్పాను. లోపలి చెవిలో రోమకణాలు దెబ్బతిన్నప్పుడు మెదడుకు అందే సంకేతం తగ్గుతుంది, ఆ లోటును పూడ్చుకోవడానికి మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకుంటుంది, మీకు వినిపిస్తున్నది అదే అన్నాను. రాత్రిపూట సన్నటి నేపథ్య శబ్దం పెట్టుకోమన్నాను, హెడ్‌సెట్ వాల్యూమ్ తగ్గించమన్నాను. చివర్లో ఆమె అడిగారు: “దీనికి మందు లేదా డాక్టర్ గారూ?” “లేదమ్మా, దీన్ని పోగొట్టే మందంటూ ఏదీ లేదు,” అన్నాను.

అది నిజమే. కానీ ఆ మాటతో ఆమెను పంపించేశాను. మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పలేదు. మందు లేదని విన్న మనిషి ఊరికే కూర్చోరని, ఎక్కడో ఒకచోట వెతుకుతారని నాకు తెలియనిది కాదు. ‘విటమిన్ల సంగతి ఎవరైనా చెబితే ముందు నన్నడగండి’ అని ఒక్క వాక్యం అని ఉండాల్సింది.

రెండో రాక

ఎనిమిది నెలల తర్వాత వచ్చారు. “శబ్దం పెరిగింది డాక్టర్ గారూ. ఇప్పుడు కుడి చెవిలో మరీ ఎక్కువ. ఆ వైపు తిరిగి పడుకోలేను.” ప్రశ్నావళి స్కోరు 72. నిద్ర లేక తలనొప్పి వస్తోందని ఆమే కారణం కూడా చెప్పేశారు.

పెరిగిన శబ్దం ఎలా ఉందో బల్ల మీద వేలితో కొట్టి చూపించమన్నాను. ఆమె కొట్టడం మొదలుపెట్టారు: బుస్సు... బుస్సు... బుస్సు... నేను రెండో చేతి మణికట్టు పట్టుకుని నాడి చూశాను. నిమిషానికి 88. వేలి దెబ్బ, నాడి దెబ్బ ఒకేసారి పడుతున్నాయి.

టిన్నిటస్ చూసే ఎవరికైనా ఇది దారి మారే చోటు. సన్నటి కీచు శబ్దం చాలావరకు నరాలది, వినికిడి తగ్గడంతో ముడిపడ్డది. నాడితో పాటు కొట్టుకునే శబ్దం చాలాసార్లు నిజమైన శబ్దం, రక్తం పారుతున్న చప్పుడు. దానికి వెతికితే దొరికే కారణం ఉండే అవకాశం ఎక్కువ. “ఆ పాత కీచు శబ్దం పోయిందా మరి?” అని అడిగితే, ఆమె కళ్లు మూసుకుని కాసేపు విని, “లేదండి, అదీ ఉంది. దాని మీద ఇది,” అన్నారు.

కుడివైపు మెడ మీద, దవడ కింద, తల నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే జుగులర్ సిర దగ్గర రెండు వేళ్లతో చాలా మెల్లగా నొక్కాను. బుస్ శబ్దం ఆగిపోయింది. వేళ్లు తీయగానే మళ్లీ మొదలు. అంటే ధమనిది కాదు, సిరలోంచి వచ్చే చప్పుడు. (ఈ పరీక్ష ఒకవైపే, తేలిగ్గా చేయాలి. రోగులు ఇంట్లో మెడ నొక్కి చూసుకోకూడదు.) స్టెతస్కోప్‌కు ఏమీ అందలేదు. చెవిపొర వెనక ఎర్రటి గడ్డ ఏదీ లేదు.

“ఏమైనా మందులు వాడుతున్నారా?” అన్నాను.

“ఏమీ లేవండి.”

నేను కేస్ షీట్‌లో ‘మందులు: లేవు’ అని రాశాను.

నాడితో పాటు వినిపించే శబ్దానికి రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా కారణాలే. రెండింటిలోనూ గుండె రక్తాన్ని వేగంగా తోస్తుంది, పారే చప్పుడు చెవికి తగులుతుంది. రక్తపరీక్షలు రాశాను. హిమోగ్లోబిన్ బాగుంది. థైరాయిడ్ రిపోర్టు మాత్రం మారింది: థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ బాగా తక్కువగా 0.08, థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 పైకి. నాడి 88, నిద్ర పట్టదు, జుట్టు రాలుతోంది. అన్నీ ఒకదానికొకటి అతికినట్టు అనిపించింది. హైపర్ థైరాయిడిజం (థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం) అనుకుని ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల నిపుణులకు, ఉత్తరం రాశాను. అపాయింట్‌మెంటు పన్నెండు రోజుల తర్వాత దొరికింది.

ఆ రోజే నేను ఆఫ్తాల్మోస్కోప్‌తో కంటి అడుగు చూసి ఉండాల్సింది. యువతి, తలనొప్పి, నాడితో పాటు కొట్టుకునే సిర శబ్దం. ఈ మూడూ ఒకచోట కనబడితే మెదడు చుట్టూ ద్రవం ఒత్తిడి పెరిగిందేమోనని మొదట అనుమానించాలి. అది ఎక్కువగా లావుగా ఉన్నవాళ్లలో కనబడుతుంది. ఆమె లావుగా లేరు, బరువు పెరగలేదు, అందుకని ఆ ఆలోచనను పక్కన పెట్టాను. థైరాయిడ్ రిపోర్టు చేతికి రాగానే దాన్ని పూర్తిగా మరిచిపోయాను.

ఏడు సీసాలు

అసలు ప్రశ్న అడిగింది ఎండోక్రైనాలజిస్టు. రోగిలో చేతి వణుకు లేదు, థైరాయిడ్ గ్రంథి పెరగలేదు, బరువు తగ్గలేదు. రిపోర్టు ఒకటి చెబుతుంటే మనిషి ఇంకోటి చెబుతున్నారు. “జుట్టుకోసం ఏమైనా వేసుకుంటున్నారా?” అని అడిగారట. “ఆ, బయోటిన్,” అన్నారట ఆమె. “అది మందు కాదు కదండీ, విటమిన్.”

చాలా ల్యాబుల్లో హార్మోన్ పరీక్షలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాలు అంటుకునే గుణం మీద నడుస్తాయి. రక్తంలోనే బయోటిన్ తేలుతుంటే ఆ లెక్క తలకిందులవుతుంది. టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, టీ4 లేనిపోని ఎక్కువగా చూపిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరిక ఇచ్చింది. పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు. ఆమె గుళికలో 10,000 మైక్రోగ్రాములుంది. అది ఆపి వారం తర్వాత మళ్లీ పరీక్షిస్తే టీఎస్‌హెచ్ 1.9. థైరాయిడ్‌కు ఏ జబ్బూ లేదు.

కానీ ఆ వారం గడిచేదాకా మేము ఆగలేదు. ఎండోక్రైనాలజిస్టు ఆ మధ్యాహ్నమే నాకు ఫోన్ చేశారు: “ఆవిడ దగ్గర ఇంకా చాలా సీసాలున్నట్టున్నాయి, చూడండి.” ఇంట్లో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని సాయంత్రం రమ్మన్నాను. నా బల్ల మీద ఏడు సీసాలు వరసగా పెట్టారు: మల్టీవిటమిన్, ఎక్కువ మోతాదు బి-కాంప్లెక్స్, 50 మిల్లీగ్రాముల జింకు, గింకో అనే మూలిక, కాడ్ లివర్ ఆయిల్, విటమిన్ ‘ఎ’ గుళికలు, బయోటిన్.

ఒక కాగితం తీసుకుని లేబుళ్లు చదువుతూ లెక్క వేశాను. విటమిన్ ‘ఎ’ గుళిక ఒక్కోటి 25,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు). మొదట రోజుకు ఒకటి వేసుకున్నారు. చెవి లోపలి కణాలకు విటమిన్ ‘ఎ’ మంచిదని ఎక్కడో చదివారు. నెల గడిచినా శబ్దం తగ్గకపోయేసరికి రెండు చేశారు. అవి 50,000. మల్టీవిటమిన్‌లో రెటినైల్ పాల్మిటేట్ అనే విటమిన్ ‘ఎ’ రూపంలో 5,000. కాడ్ లివర్ ఆయిల్ చెంచాడులో 4,500. మొత్తం 59,500 ఐయూ. రెటినాల్‌కు (నేరుగా పనిచేసే విటమిన్ ‘ఎ’ రూపం) ఒక ఐయూ అంటే 0.3 మైక్రోగ్రాములు కాబట్టి, రోజుకు 17,850 మైక్రోగ్రాములు.

వయోజన స్త్రీకి రోజుకు కావలసింది 700. రోజువారీగా దాటకూడని గరిష్ఠ పరిమితి 3,000. ఆమె ఆ పరిమితికి దాదాపు ఆరు రెట్లు, ఆరు నెలల పాటు తీసుకున్నారు. ఏ ఒక్క సీసా చూసినా ఆమెకు భయం పుట్టలేదు. కూడిక ఎవరూ వేయలేదు. ఆమె వేయలేదు, అమ్మినవాళ్లు వేయలేదు, నేనూ వేయలేదు.

కాగితం పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచీ అడిగాను. ఈసారి సమాధానాలు వేరుగా వచ్చాయి. పెదవులు ఎప్పుడూ పగులుతున్నాయి. చర్మం పొడిబారి పొట్టు రాలుతోంది. కాళ్ల ఎముకలు లాగుతున్నాయి. తలనొప్పి తెల్లవారుజామున, వంగినప్పుడు ఎక్కువ. జుట్టు రాలడం విటమిన్ ‘ఎ’ రెట్టింపు చేసిన రెండు నెలలకు మొదలైంది, దానికోసమే బయోటిన్ కొన్నారు. అంటే ఒక విటమిన్ ఎక్కువై జుట్టు ఊడితే, ఆ జుట్టు కోసం వేసుకున్న ఇంకో విటమిన్ నా రక్తపరీక్షను తప్పుదోవ పట్టించింది.

“కళ్లు ఎప్పుడైనా మసకబారుతున్నాయా?”

“కూర్చుని లేచినప్పుడు రెండు మూడు సెకన్లు చీకటి కమ్ముతుంది. నీరసం అనుకున్నాను.”

ఆఫ్తాల్మోస్కోప్ పెట్టి చూశాను. రెండు కళ్లలోనూ ఆప్టిక్ డిస్క్ (కంటి నరం కంటిని కలిసే చోటు) అంచులు చెరిగి, ఉబ్బి ఉన్నాయి. మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగిందనడానికి గుర్తు అది. ఆ రాత్రికే ఆమెను కంటి వైద్యుల దగ్గరికి, అక్కడినుంచి న్యూరాలజీ వార్డుకు పంపాం.

నిర్ధారణ, చికిత్స

కంటిచూపు 6/6 ఉంది గానీ, చూపు పరిధి పరీక్షలో అంధబిందువు (కంటిలో సహజంగానే చూపు లేని చిన్న చోటు) రెండు వైపులా పెద్దదైంది. ఎంఆర్‌ఐలో గడ్డలేవీ లేవు. వెనోగ్రామ్‌లో (మెదడు సిరల స్కాన్) సిరల్లో రక్తం గడ్డకట్టలేదు, కుడివైపు ట్రాన్స్‌వర్స్ సైనస్ (మెదడు నుంచి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద సిర) మాత్రం నొక్కుకుపోయినట్టు సన్నబడి ఉంది. నడుములోంచి ద్రవం తీసినప్పుడు ఒత్తిడి 31 సెంటీమీటర్లు (25 దాటితే ఎక్కువ). ద్రవంలో కణాలు, ప్రొటీన్ మామూలే. రక్తంలో రెటినాల్ డెసీలీటరుకు 118 మైక్రోగ్రాములు, అందులో రెటినైల్ ఎస్టర్ల వాటా 17 శాతం. కాలేయ ఎంజైములు కొద్దిగా పెరిగాయి. రెటినాల్ సంఖ్య కన్నా ఎస్టర్ల వాటా ఎక్కువ చెబుతుంది. కాలేయం నిల్వ చేసుకునే శక్తి దాటిపోయాక విటమిన్ ‘ఎ’ ఎస్టర్ల రూపంలో రక్తంలోకి పొంగుతుంది. వాటి వాటా 10 శాతం మించితే అనుమానించాలి.

విటమిన్ ‘ఎ’ మోతాదు మించితే మెదడు చుట్టూ ద్రవం ఒత్తిడి ఇలా పెరగవచ్చు. ఇదే స్థితిని తెచ్చే వేరే మందుల గురించి విడిగా అడిగాం: మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, డాక్సీసైక్లిన్, మైనోసైక్లిన్ లాంటివి. ఏవీ వాడలేదు. ఇవి విటమిన్ ‘ఎ’తో కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మొటిమలకు గుళికలు వాడుతూ పక్కనే విటమిన్ సీసా పెట్టుకునేవాళ్లకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

చెవికి శబ్దం ఎందుకు వినిపించిందంటే, తలలో ఒత్తిడి పెరిగినప్పుడు ట్రాన్స్‌వర్స్ సైనస్ నొక్కుకుపోతుంది. సన్నబడ్డ దారిలో రక్తం సుడులు తిరుగుతూ పారుతుంది. ఆ సిర చెవి వెనకున్న ఎముకను ఆనుకునే వెళ్తుంది. ఎముక ఆ చప్పుడును నేరుగా లోపలి చెవికి చేరుస్తుంది. మెడ మీద నొక్కితే ప్రవాహం తగ్గి చప్పుడు ఆగడం అందుకే.

ఏడు సీసాలూ ఆపించాం. న్యూరాలజిస్టు ఆ ద్రవం తయారీని తగ్గించే అసిటజోలమైడ్ మొదలుపెట్టారు. ఆ మందు వల్ల వేళ్లు తిమ్మిరెక్కడమే కాక, కొందరికి చెవిలో శబ్దం కూడా రావచ్చు. ఆమెకు ముందే చెప్పి ఉంచాం, లేకపోతే శబ్దం వినగానే మందు ఆపేసేవారు.

తలనొప్పి పది రోజుల్లో పోయింది. బుస్ శబ్దం మూడో వారంలో ఒక రాత్రి లేదని గమనించారట. పద్నాలుగో వారానికి డిస్కులు మామూలయ్యాయి, చూపు పరిధి తిరిగి వచ్చింది. అయిదో నెలకు అసిటజోలమైడ్ మెల్లగా తగ్గించి ఆపారు. జుట్టు రాలడం ఆగడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. విటమిన్ ‘ఎ’ కొవ్వులో కరిగేది, కాలేయంలో నెలల తరబడి నిల్వ ఉంటుంది. సీసా మూసినంత మాత్రాన ఒంట్లో ఆగదు. ఆమె ఆ ఏడాది బిడ్డను కనాలనుకుంటున్నారని అప్పుడే తెలిసింది. గర్భం తొలి వారాల్లో రోజుకు 10,000 ఐయూ మించిన రెటినాల్‌కు పుట్టుకలోపాలతో సంబంధం కనిపించింది. నిల్వలు తగ్గేదాకా ఆగమన్నాం. ఈ కేసంతటిలో నన్ను ఎక్కువగా భయపెట్టింది చెవీ కాదు, కన్నూ కాదు, ఈ విషయం.

ఎంతవరకు విటమిన్‌దే తప్పు?

రోగిని బాగుచేసిన ఉత్సాహంలో కారణం కూడా రుజువైపోయిందనుకోకూడదు. విటమిన్ ఆపడం, అసిటజోలమైడ్ ఇవ్వడం ఒకేసారి జరిగాయి. ఏది ఎంత పనిచేసిందో ఈ ఒక్క కేసు విడదీసి చెప్పదు. మళ్లీ విటమిన్ ఇచ్చి చూడటం నైతికంగా కుదరదు. కానీ మోతాదు, కాలక్రమం, చర్మం, జుట్టు, కాలేయం, ఎస్టర్ల వాటా అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. అసిటజోలమైడ్ ఆపిన తర్వాత కూడా ఒత్తిడి తిరిగి పెరగలేదు. ‘చాలావరకు నిశ్చయం’ అని రాస్తాను.

విటమిన్ ‘ఎ’ విషప్రభావం కొత్త సంగతేమీ కాదు. 1597లో ఆర్కిటిక్ మంచులో చిక్కుకున్న డచ్ నావికులు ధ్రువపు ఎలుగుబంటి కాలేయం తిని జబ్బుపడి, ఒంటి మీద చర్మం ఊడిపోయిన సంగతి గెరిట్ డి వీర్ దినచర్యలో ఉంది. అందులో దోషి విటమిన్ ‘ఎ’ అని 1943లో తేలింది. ఇప్పుడు అదే రెటినాల్ గుళికలో దొరుకుతుంది. మొక్కల నుంచి వచ్చే బీటా కెరోటిన్‌కు ఈ ప్రమాదం లేదు, శరీరం తనకు కావలసినంతే మార్చుకుంటుంది. లేబుల్ మీద ‘విటమిన్ ఎ’ అని మాత్రమే ఉంటే అది రెటినాలా, కెరోటినా అని చూడాలి.

ఇక ఆమె మొదట ఆశపడ్డ సంగతి: విటమిన్లు టిన్నిటస్‌ను తగ్గిస్తాయా? ఎక్కువగా వినిపించే పేరు బి12. 1993లో ఇజ్రాయెల్ సైన్యంలో 113 మందిపై చేసిన పరిశీలనలో, టిన్నిటస్‌తో పాటు శబ్దం వల్ల వినికిడి తగ్గినవాళ్లలో 47 శాతానికి బి12 లోపం ఉంది. వినికిడి తగ్గి టిన్నిటస్ లేనివాళ్లలో 27 శాతం, రెండూ లేనివాళ్లలో 19 శాతం. 2016లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 40 మంది రోగుల్లో 17 మందికి లోపం ఉంది, ఇంజెక్షన్లతో మెరుగుపడింది ఆ లోపం ఉన్నవాళ్లే. లోపం లేనివాళ్లకు అదనంగా పోసినందువల్ల లాభం కనిపించలేదు. నా అనుభవం కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఏళ్లుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, జీర్ణాశయ శస్త్రచికిత్స అయినవాళ్లు, జంతు ఆహారం అసలు తీసుకోనివాళ్లు వస్తే బి12 చూస్తాను. తక్కువుంటే ఇస్తాను, ఇచ్చేది నరాల కోసం. చెవిలో శబ్దం తగ్గితే అది అదనపు మేలు.

జింకు, గింకో, మెలటోనిన్, తదితర ఆహార పూరకాలేవీ దీర్ఘకాలిక టిన్నిటస్‌కు సూచించవద్దని అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల అకాడమీ 2014 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. జింకు రోజుకు 40 మిల్లీగ్రాములు దాటితే మెల్లగా రాగి లోపం తెస్తుంది, అది నరాలను దెబ్బతీస్తుంది. 2016లో 53 దేశాల నుంచి 1,788 మంది పాల్గొన్న ఒక సర్వేలో, టిన్నిటస్ కోసం పూరకాలు వాడినవాళ్లలో దాదాపు 71 శాతం ఏ మార్పూ లేదన్నారు, 19 శాతం తగ్గిందన్నారు, 10 శాతం పెరిగిందన్నారు. సీసాల ప్రకటనల్లో ఆ 19 మాత్రమే మాట్లాడుతుంది. ఆ పదిమందిలో ఒకరు మన గదిలోకి వచ్చి ‘మందులేమీ లేవండి’ అంటారు.

నొప్పులకు అమ్మే కొన్ని మూలికా గుళికల్లో విల్లో చెట్టు బెరడు ఉంటుంది. అందులోని సాలిసిన్ ఆస్పిరిన్‌కు చుట్టం. సాలిసిలేట్లు ఎక్కువైతే రెండు చెవుల్లోనూ కీచు శబ్దం వస్తుంది, ఆపితే సాధారణంగా రోజుల్లోనే పోతుంది. ఇలాంటివీ ‘విటమిన్ల’ అరలోనే ఉంటాయి.

అందుకే ఇప్పుడు నేను ‘మందులు వాడుతున్నారా’ అని అడిగి ఊరుకోను. “చెంచాతో తాగేవి, నీళ్లలో కలిపేవి, నమిలేవి, జుట్టుకీ చర్మానికీ బలానికీ వేసుకునేవి ఏమున్నాయి?” అని అడుగుతాను. సీసాలు తెమ్మంటాను, కుదరకపోతే లేబుల్ ఫొటో చాలు. వెనక ఉండే చిన్న అక్షరాలే నాకు కావాలి. అంకెలు రోగి ముందే కాగితం మీద కూడతాను. మందు లేదని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆరు వారాల్లో మళ్లీ రమ్మని తేదీ రాసిస్తాను.

ఆమె చివరిసారి వచ్చింది సీసాలు ఆపిన తొమ్మిదో నెలలో. రెటినాల్ 61కి దిగింది. బి12 మొదటిసారి చూసినప్పుడు, ఆమె వేసుకుంటున్న బి-కాంప్లెక్స్ వల్ల, 2000 దాటి ఉండటంతో, అసలు ముందు లోపం ఉండేదో లేదో తెలుసుకునే వీలు లేకపోయింది. అన్నీ ఆపిన ఆరు నెలలకు చూస్తే 380, ఏమీ ఇవ్వనక్కర్లేదు. ప్రశ్నావళి స్కోరు 28. పాత కీచు శబ్దం అలాగే ఉంది, 4000 హెర్ట్జ్ దగ్గర గుంట అలాగే ఉంది. హెడ్‌సెట్ వాల్యూమ్‌కు పరిమితి పెట్టించుకున్నారు. రాత్రి వర్షం చప్పుడు సన్నగా పెట్టుకుని పడుకుంటున్నారు. వెళ్లేముందు సంచిలోంచి ఒక కొత్త సీసా తీసి బల్ల మీద పెట్టారు. బంధువులెవరో ఇచ్చారట, మూత ఇంకా తీయలేదు.

“వేసుకోవచ్చా అని అడుగుదామని తెచ్చాను,” అన్నారు. ఇద్దరం కలిసి లేబుల్ చదవడం మొదలుపెట్టాం.